ప్లంబరు గడప తొక్కని ఇల్లు

వాష్‌బేసిన్ కింద పైపు అతుకు దగ్గర ఒక చుక్క పుడుతుంది. పుట్టి, కాసేపు వేలాడి, కింద పెట్టిన బకెట్లో పడుతుంది. ఆ చప్పుడు మా ఆయనకు నిద్రాభంగం. అందుకని పాత దుప్పటి అంచు చించి, ఒక కొసను ఆ అతుక్కి కట్టి, రెండో కొస బకెట్లోకి వదిలాను. ఇప్పుడు చుక్క పడదు. గుడ్డ పట్టుకుని చప్పుడు చెయ్యకుండా జారిపోతుంది. పొద్దున లేవగానే ఆ గుడ్డ పిండి, బకెట్ పారబోసి, మళ్ళీ గుడ్డ కట్టడం నా మొదటి పని. ఆ మంగళవారం కూడా అదే పనిలో ఉండగా మా ఆయన పళ్ళు తోముకోవడానికి వచ్చి, ఒకసారి కిందికి వంగి చూసి, "ఏముంది, కాస్త బిగిస్తే పోతుంది. ఆదివారం చూస్తాను" అన్నాడు.

ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. ఆదివారం చూస్తాననేటప్పుడు నిజంగానే చూద్దామనుకుంటాడు. బడిలో లెక్కల మాస్టారు. పిల్లలకు తొట్టి నిండే లెక్కలు చెప్తాడు: ఒక కుళాయి ఇన్ని గంటల్లో నింపితే, అడుగున కన్నం ఇన్ని గంటల్లో ఖాళీ చేస్తే. ఆ కన్నం కింద బకెట్ పట్టుకుని ఎవరు నిలబడ్డారన్నది ఆ లెక్కల్లో ఉండదు.

ఈ ఇల్లు మా మామగారు కట్టించారు. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇటుకలు ఎవరెవరో పేర్చారు గానీ పైపులన్నీ తన చేత్తో వేసుకున్నారు. ఏ పైపు ఏ గోడలో పోతుందో ఒక్క కాగితం మీద కూడా రాసిపెట్టలేదు. "ఈ ఇంటి గడప ప్లంబరు తొక్కడు" అనేవారు, ఒట్టు పెట్టినట్టు. కొడుకు మాత్రం తనలా పానా పట్టుకోకూడదని ఆయన పంతం. "నువ్వెళ్ళి చదువుకోరా" అని తరిమేసి, పొయ్యి దగ్గరున్న నన్ను పిలిచేవారు, "అమ్మాయ్, టార్చి పట్టుకో" అని. పద్నాలుగేళ్ళు పట్టుకున్నాను. వెలుతురు ఎక్కడ పడాలో ఆయన చెప్పకముందే తెలిసేంతవరకు పట్టుకున్నాను. నాలుగేళ్ళ కిందట ఆయన పోయాక ఆ విద్య ఎటు పోయిందని ఎవరూ వెతకలేదు. ఇంటికి చుట్టాలొస్తే మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మా ఇంట్లో ఇంతవరకు ప్లంబరు అడుగు పెట్టలేదు, తెలుసా?" అంటాడు. వాళ్ళు మెచ్చుకోలుగా ఆయన వైపు చూస్తారు. నేను ఖాళీ కప్పులు తీస్తుంటాను.

కారే కుళాయిని ఎంత బిగిస్తే లోపలి వాషరు అంతగా నలిగి ఇంకా కారుతుందని నాకు తెలుసు. అందుకే మా ఆయన బిగించి వెళ్ళిన ప్రతిసారీ, ఆయన బడికెళ్ళాక విప్పి కొత్త వాషరు వేస్తాను. పైపు కొసన ఉండే మరకి తెల్ల టేపు ఏ వైపు చుట్టాలో, ఎన్ని చుట్లు చుట్టాలో తెలుసు. సింకులో నీళ్ళు నిలబడితే కిందున్న వంపు పైపు విప్పి, అందరూ తిన్న పళ్ళాల జిడ్డంతా వేళ్ళతో తీసి, మళ్ళీ బిగించి, చేతులు మూడుసార్లు కడుక్కుని వడ్డిస్తాను. ఫ్లష్ ట్యాంకులో బంతి ఒక పక్కకు ఒరిగిపోయి నీళ్ళు ఆగకుండా పోతుంటాయి. అప్పుడు మా అమ్మాయి గదిలోంచే అరుస్తుంది, "అమ్మా, నీ ఫ్లష్ మళ్ళీ కచేరీ మొదలెట్టింది!" అది నా ఫ్లష్ ఎప్పుడైందో నాకు గుర్తు లేదు.

వీటన్నిటి కంటే పెద్దది పడకగది గోడ. బట్టల బీరువా వెనక, స్నానాలగదికి ఆనుకున్న చోట, మామగారు పోయిన ఏడాదే చెమ్మ మొదలైంది. మొదట అరచేయంత. గీకి, పుట్టీ పెట్టి, రంగు పూశాను. మూడు నెలలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ పూశాను. లోపల పైపు కారుతోందని నాకు అర్థమైంది. కానీ గోడ పగలగొట్టడం నా వల్ల అయ్యే పని కాదు, ఇంకొకర్ని పిలవడం ఈ ఇంట్లో అయ్యే పని కాదు. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. పొద్దున్నే అందరి స్నానాలూ కానిచ్చి, అత్తయ్యకు వంటింట్లో ఒక బిందె, స్నానాలగదిలో రెండు బకెట్లు పట్టిపెట్టి, మెట్ల పక్క గుంటలో ఉన్న మెయిన్ వాల్వు కట్టేసి పనికి వెళ్తాను. సాయంత్రం వచ్చి విప్పుతాను. రాత్రి పడుకునేముందు మళ్ళీ కడతాను. అంటే గోడలో నీళ్ళు రోజుకి నాలుగైదు గంటలే కారతాయి. పైపుల్లో మిగిలినవి మాత్రం రాత్రంతా వాష్‌బేసిన్ కింద చుక్క చుక్కగా దిగుతూనే ఉంటాయి. ఆ వాల్వు పాతది, మొండిది. ముందు వెనక్కి కొంచెం తిప్పి, అది వదులైన క్షణం పట్టుకుని ముందుకు తిప్పాలి. బలం కాదు, చెయ్యి తెలియాలి. ఆ చెయ్యి నాదొక్కటే.

నా ఉద్యోగం ఆసుపత్రిలో చెవులు పరీక్షించడం. దళసరి తలుపున్న చిన్న గది. గోడలకు మెత్తలు. రోగిని లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మీట ఇచ్చి, "చిన్న కూత వినబడినా సరే, వినబడగానే నొక్కండి" అని చెప్పి, అద్దానికి ఇవతల కూర్చుని శబ్దాలు పంపుతాను. వినబడీ వినబడని దగ్గర మనిషి ముఖం ఎలా మారుతుందో పదహారేళ్ళుగా చూస్తున్నాను. కళ్ళు దేన్నో వెతుకుతాయి. పోగొట్టుకున్న పేరు గుర్తు తెచ్చుకుంటున్నట్టుంటారు. మధ్యాహ్నం రోగులు లేనప్పుడు నా టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాను. దేనికోసమూ చెవి ఒగ్గక్కర్లేని చోటు లోకంలో నాకు అదొక్కటే. అయినా అక్కడ కూడా రెండో ముద్దకల్లా వినబడుతుంది, టప్పున ఒక చుక్క. ఆ గదిలో నీటి పైపే లేదు.

ఆ ముందు రోజు, సోమవారం, మా పెద్ద డాక్టరమ్మ పిలిచింది. పుట్టిన రెండో రోజే పసిపిల్లల చెవులు పరీక్షించే విభాగం పెడుతున్నారు. దానికి ఆరు నెలల శిక్షణ, వేరే ఊళ్ళో. "నీ అంత ఓపిగ్గా వినేవాళ్ళు ఇక్కడ లేరు. నీ పేరే రాశాను. శనివారం మధ్యాహ్నంలోపు సంతకం పెట్టాలి, లేదంటే ఆ సీటు ఇంకో ఆసుపత్రికి ఇచ్చేస్తారు" అంది. పసిపిల్లల పరీక్ష గురించి నేను చదివాను. బిడ్డ మీట నొక్కక్కర్లేదు, నిద్రలో ఉండొచ్చు. శబ్దం పంపితే లోపలి చెవి తనంతట తనే ఒక సన్నని ప్రతిధ్వని తిరిగి పంపుతుంది. ఆ సంగతి చదివిన రోజు నాకు ఎందుకో ఏడుపొచ్చింది. ఏ ప్రయత్నమూ లేకుండా, నిద్రపోతూ కూడా, లోపల ఉన్నది ఉన్నట్టు బదులివ్వడం! ఆ ప్రతిధ్వని వినాలని ఎంతగా అనిపించిందంటే, ఆ కోరికను పెద్ద డాక్టరమ్మ ముందు కూడా పైకి రానివ్వలేదు. "ఇంట్లో అడిగి చెప్తానండీ" అన్నాను.

భోజనాల దగ్గర అడిగాను. మా ఆయన వెంటనే, "వెళ్ళు, ఎవరొద్దన్నారు? నేనేమన్నా పాతకాలం మొగుణ్ణా?" అన్నాడు. ఒక ముద్ద తిన్నాక, "కానీ నీళ్ళ సంగతేం చేద్దాం?" అన్నాడు. అడ్డం పెట్టాలని అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు.

అత్తయ్య, "నువ్వు లేకపోతే ఈ కుళాయిలు ఎవరి మాటా వినవే తల్లీ. మీ మామగారి తర్వాత వాటికి నీ చెయ్యే అలవాటు" అంది.

"అమ్మా, పోనీ ఆ వాల్వుని కూడా తీసుకెళ్ళు. నీకూ తోడుంటుంది" అంది మా అమ్మాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు గురించి తర్వాత చాలాసేపు ఆలోచించాను. అత్తయ్య మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఛాతీలో చిన్న వెచ్చదనం పుట్టింది. నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు! ఎవరైనా నన్ను కావాలనుకుంటే బావుణ్ణని పెళ్ళైన కొత్తలో ఎదురుచూసేదాన్ని. కావాలనుకోవడం అంటే ఏమిటో స్పష్టంగా తెలియదు గానీ, నేను గదిలోకి వస్తే ఒకరి ముఖం మారడం లాంటిదేదో. అది రాలేదు. దాని బదులు ఇది వచ్చింది, ఈ అవసరం. చేతికి అందినదాన్నే అడిగినదనుకుని పుచ్చుకున్నాను.

గురువారం ఆసుపత్రిలో నాతో పనిచేసే పిల్ల కొత్త మిషను సరిచూడాలంటూ, "అక్కా, మీరే కూర్చోండి" అని నన్ను లోపల కూర్చోబెట్టింది. మీట చేతికిచ్చింది. నేను విన్నాను, నొక్కాను, విన్నాను, నొక్కాను. బయటికొచ్చేసరికి ఆ పిల్ల కాగితం వంక అనుమానంగా చూస్తోంది.

"అక్కా, మీ వినికిడి బాగానే ఉంది. కానీ నేను పంపని శబ్దాలకు కూడా నొక్కారు. ఒకసారి కాదు, పదకొండుసార్లు."

నాకు తెలుసు అది ఎవరు చేస్తారో. నేనే కొత్తగా వచ్చినవాళ్ళకు పాఠం చెప్తాను. ఎప్పుడూ దేన్నో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు, శబ్దం రాకముందే నొక్కేస్తారు. తప్పిపోతుందేమో, తమ మీదికి వస్తుందేమో అని. పసిపిల్లల తల్లులు, మంచం పట్టినవాళ్ళకు సేవ చేసేవాళ్ళు. వాళ్ళను తప్పు పట్టకూడదని, "మీరు ఊరికే కూర్చోండి, వచ్చినప్పుడు అదే వస్తుంది" అని నెమ్మదిగా చెప్పాలని నేర్పుతాను. ఆ మాట నాకు ఎవరు చెప్పాలి?

శుక్రవారం నాకు సెలవు. తొమ్మిదింటికి, మా ఆయనా పిల్లా బడికెళ్ళిపోయాక, పడకగదిలోంచి అత్తయ్య కేక వేసింది. "అమ్మాయ్! ఈ స్విచ్చి నన్ను కరిచిందే!"

పరుగెత్తాను. ఆవిడ మంచం మీద కూర్చుని కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, దానికేమైందా అన్నట్టు చూసుకుంటోంది. ఫ్యాను వెయ్యబోతే జివ్వుమందట. బీరువా జరిపి చూశాను. చెమ్మ నేను పూసిన రంగు కింది నుంచి చల్లగా పాకి స్విచ్చిబోర్డు వెనక్కి చేరింది. కరెంటు మెయిన్ కట్టేశాను. అత్తయ్య చెయ్యి నా చేతుల్లోకి తీసుకుని నిమిరాను. మా ఆయనకు ఫోన్ చేశాను. క్లాసులో ఉన్నాడు, గొంతు తగ్గించి, "అయ్యో, అమ్మకేం కాలేదుగా? సాయంత్రం వచ్చి చూస్తాను. అందాకా ముట్టుకోకండి" అన్నాడు.

సాయంత్రం వచ్చి చూస్తాడు. నిజంగానే చూస్తాడు.

వీధి చివర కొట్లో నేను వాషర్లూ టేపులూ కొంటాను. ఆ కొట్టు షట్టరు మీద రంగుతో ఒక ప్లంబరు నంబరు రాసి ఉంటుంది. చిల్లర కోసం నిలబడిన ప్రతిసారీ చదివాను. నాలుగేళ్ళుగా ఆ పది అంకెలూ నాకు నోటికొచ్చు. మొదటిసారి నొక్కాను.

గంటలో వచ్చాడు. అరవైకి దగ్గర మనిషి. భుజాన సంచి. అత్తయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "మా పైపులన్నీ మా ఆయన వేసినవే బాబూ. బాగానే ఉంటాయి."

"ఉంటాయమ్మా. నేను కూడా బాగానే ఉంటాను, మోకాళ్ళు తప్ప" అంటూ ఆయన లోపలికొచ్చి, వాష్‌బేసిన్ కింద కూర్చుని, గుడ్డ పక్కకు తప్పించి, వెనక పైపు అతుకులు వేలితో తడిమాడు. "చేతిపని తెలిసిన మనిషమ్మా మీవారు. ఈ కాలంలో ఇలా ఎవరూ వెయ్యరు. ఇనుముకి ఆయుష్షు తీరింది గానీ, పనికి కాదు." అత్తయ్య కుర్చీ తెచ్చుకుని, పని సరిగ్గా చేస్తున్నాడో లేదో చూడటానికి కూర్చుంది.

కుళాయిలన్నీ కట్టించి, మెయిన్ వాల్వు నాచేత విప్పించి, నీళ్ళ మీటరు చూపించాడు. ఎక్కడా నీళ్ళు వాడకపోయినా ముల్లు నెమ్మదిగా తిరుగుతోంది. తర్వాత ఒక ఇనపకడ్డీ తీసి ఒక కొస గోడకీ రెండో కొస ఎడమ చెవికీ ఆనించి, అంగుళం అంగుళం జరుపుతూ విన్నాడు. నేనేం మాట్లాడినా ఎడమ చెవినే నా వైపు తిప్పుతున్నాడు.

"కుడి చెవి ఎప్పటినుంచి?" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆయన నవ్వాడు. "కనిపెట్టేశారే! గోడలు తొలిచే మిషను చలవ. పదేళ్ళు. ఈ రెండోది కూడా నీరసపడింది. మీరు ఓసారి వింటారా?"

కడ్డీ చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను. మొదట నా నెత్తురు చప్పుడే. తర్వాత, కిటికీకి జానెడు ఇవతల, నడుమెత్తులో, సన్నని ఈల. నా మిషను మీదైతే చివరి మీటల దగ్గర వచ్చే శబ్దం, చాలామంది పెద్దవాళ్ళకు వినబడనిది. "ఇక్కడ" అని గోడ మీద వేలు పెట్టాను. ఆయన సుద్దముక్కతో గుర్తు పెట్టి, సరిగ్గా అక్కడే ఉలి పెట్టాడు. నాలుగు దెబ్బలకు పెచ్చులూడి, తుప్పు పట్టిన పైపు వంపు బయటపడింది. దాని పక్కనుంచి నీళ్ళు వెంట్రుకంత ధారగా చిమ్ముతున్నాయి. నేను నాలుగేళ్ళు కాపురం చేసింది దీనితోనా అనిపించింది. అంత చిన్నది.

"ఎప్పటినుంచి కారుతోందమ్మా?" అన్నాడు.

రోజుకి ఇరవైమందిని నేనడిగే మొదటి ప్రశ్న అదే. నన్నెవరూ అడగలేదు. "నాలుగేళ్ళు" అన్నాను.

ఆయన ఉలి పక్కన పెట్టాడు. "నాలుగేళ్ళా? ఇలాంటిది ఏ ఇంట్లోనైనా నాలుగు నెలలకే గోల గోల అయిపోతుంది. గోడ ఉబ్బుతుంది, రంగులు రాలతాయి, ఇంటాయన చిరాకుపడి నాకు ఫోన్ చేస్తాడు. ఇక్కడ ఎవరో దీన్ని బయటపడనివ్వకుండా చాలా శ్రద్ధగా చూసుకున్నారు." నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో. నా ముఖం చూశాడేమో, మళ్ళీ ఉలి అందుకుంటూ అన్నాడు, "వాషర్లూ, టేపులూ, సింకు అడుగున చెత్తా ఇంట్లోవాళ్ళు చూసుకోవచ్చు. మీరు నాకంటే బాగా చేశారు. గోడలోపల పారే నీళ్ళు, కరెంటు దగ్గరికొచ్చిన నీళ్ళు, వెనక్కి తన్నే మురుగు, వీటిని మాత్రం ఎంత ఓపికున్నా ఓర్చుకోకూడదమ్మా. వాటికి మీ ఓపికే విషం."

మూడింటికల్లా అయిపోయింది. తుప్పు వంపు తీసి కొత్తది వేశాడు, వాష్‌బేసిన్ అతుకు మార్చాడు, మొండి వాల్వు పీకి పొట్టి పిడి ఉన్న కొత్త వాల్వు బిగించాడు. "చిటికెన వేలితో తిప్పొచ్చు, చూడండి." గోడ బాగా ఆరి, కరెంటు పనివాడు వచ్చి చూసేదాకా ఆ బోర్డు ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ నేను కలలుగన్న నిశ్శబ్దం అదే. సంతోషం వస్తుందని కూర్చుని ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి లేచి స్నానాలగదిలోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలియలేదు. వాష్‌బేసిన్ దగ్గర నిలబడ్డాను. చేతులకు పని లేదు. ఎవరో దూరప్రయాణం వెళ్ళిపోయాక ఇల్లు ఉన్నట్టుంది. ఈ దిగులు దేనికో నాకు అర్థమైంది. నేను వెళ్ళలేకపోవడానికి నీళ్ళు కారణమని చెప్పుకుంటూ వచ్చాను. వెళ్ళాలన్న కోరికను మోయడం కంటే బకెట్లు మోయడం తేలిక. బకెట్ నిండితే పారబోయొచ్చు. కోరిక నిండితే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు.

మా ఆయన అయిదున్నరకు వచ్చాడు. ముందు తల్లి చెయ్యి పట్టుకుని చూశాడు. తర్వాత గోడ చూశాడు. పగిలిన చోట పచ్చి సిమెంటు, కింద ఎర్రటి దుమ్ము.

"ఎవరొచ్చారు?"

"ప్లంబరు."

"నాన్న వేసిన లైను..." అని ఆగాడు. "నాకొక్క మాట చెప్తే నేనే చూసేవాణ్ణి కదా."

"మెయిన్ వాల్వు ఎక్కడుందండీ?" అన్నాను.

వెటకారంగా అడగలేదు. ఆయన వంటింటి వైపు రెండడుగులు వేశాడు. ఆగి, పెరటి తలుపు వైపు చూశాడు. నలభై ఆరేళ్ళు ఈ ఇంట్లో నీళ్ళు తాగిన మనిషి. అత్తయ్య నోరు తెరిచి, నన్ను చూసి మూసుకుంది. ఆయన మంచం అంచున కూర్చుని, అద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాన్న నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు" అన్నాడు.

నా లోపల జాలి కదిలింది. దాన్ని వెంటనే మాటల్లో చుట్టి ఆయనకు అందించడం నా అలవాటు. ఆ రోజు అందించలేదు. ఆయన కూర్చున్నంతసేపూ నేనూ ఊరికే కూర్చున్నాను.

కాసేపటికి ఆయన తేరుకున్నాడు. "సర్లే, ఒకందుకు మంచిదే. ఇంక నీ ట్రైనింగ్‌కి నీళ్ళ అడ్డం తీరింది" అన్నాడు మంచిగానే. లేచి చొక్కా విప్పుకుంటూ, "కానీ అమ్మ మందులు ఏవేళకేవో నాకు తెలియవే. పిల్ల పరీక్షలు కూడా దగ్గరికొచ్చాయి. ఇంకో ఏడాది చూసుకోకూడదూ?" అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. అందులో మోసం లేదు. ఆయనకు నిజంగానే అప్పుడే గుర్తొచ్చాయి. నీళ్ళ తర్వాత మందులు, మందుల తర్వాత పరీక్షలు, పరీక్షల తర్వాత ఇంకేదో. ఏ గోడా కారని ఇల్లు ఒకటి తయారై నన్ను పంపిస్తుందని నేను ఎదురుచూస్తున్నాను. అలాంటి ఇల్లు ఎక్కడా ఉండదు. వెళ్ళేవాళ్ళందరూ ఏదో ఒకటి కారుతుండగానే వెళ్తారు. పద్దెనిమిదేళ్ళుగా మా ఆయన ప్రతి పొద్దునా అలాగే వెళ్తున్నాడు.

"చూద్దాంలెండి" అని నేను అనలేదు. చీపురు తెచ్చి దుమ్ము ఊడ్చాను.

శనివారం పన్నెండింటికి పెద్ద డాక్టరమ్మ గది తలుపు తట్టాను. ఆవిడ కాగితం నా వైపు జరిపింది. ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించింది. పెట్టాను. నా పేరు చివరి అక్షరం కొంచెం వంకర పోయింది.

"హమ్మయ్య" అంది ఆవిడ. "అయితే ఇంట్లో అడిగావన్నమాట. ఒప్పుకున్నారా?"

"ఈసారి అడగలేదండీ" అన్నాను. "సాయంత్రం వెళ్ళి చెప్తాను."